చెవులపిల్లులకు ఇల్లు

1970 జూన్ 9

ఇయ్యాల సత్యవతి రెండు చెవులపిల్లులను తెచ్చింది. నన్ను అడగలే. అడిగితె వద్దంటనని ఆమెకెరుక.

మా బొగ్గు బాయి అండర్ మేనేజర్‌కు కొత్తగూడెం బదిలీ అయింది. ఆయన ఇంటామెకు సత్యవతి జాకెట్లు కుడ్తది. సామాన్లు లారీకెక్కిస్తుంటె ఆ అమ్మగారు "ఇవి అంత దూరం లారీల బతకయి, నువ్వు సాదుకో" అని బుట్టతోని సహా చేతిల పెట్టిందట. తెల్లగున్నయి. కండ్లు మాత్రం రాత్రి షిఫ్టు చేసొచ్చినోని కండ్ల లెక్క ఎర్రగున్నయి. రెండూ అక్కచెల్లెండ్లేనని అమ్మగారు చెప్పిందట. అందుకని మా ఆమె బైబిలుల అక్కచెల్లెండ్ల లెక్క మార్త, మరియ అని పేర్లు గూడ పెట్టేసింది.

నేను మంచం మీదనే ఉండి అన్న. "ఇంట్ల ఒకడు కాలిరిగి పడి ఉన్నడు, సాలదా? ఇంక రెండు పానాలను తెచ్చినవు."

"వీటి కాళ్లు మంచిగనే ఉన్నయి" అన్నది.

ఏప్రిల్ల బాయిల కప్పు కూలి కాలిరిగిన కాన్నుంచి ఈ డైరీ ముట్టలే. యూనియనోళ్లు జనవరిల ఇచ్చిన్రు. మంచి కాయితం, ఖాళీగ పోతున్నది. కప్పు కింద దిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్‌కు డైరీ ఎందుకని కొమురెల్లి నవ్వుతడు. మిషన్ బడిల ఏడో తరగతి దాంక చదివిన. రాసుడు మర్శిపోవద్దు గదా.

జూన్ 10

దుప్పటి కొస కొరికినయి. ఒక చెప్పు గూడ. వంటింట్ల అంతట పెంటికెలు. సత్యవతి ఊడుస్తది, నన్ను సూస్తది, మల్ల ఊడుస్తది.

వీటికి ఒక ఇల్లు కట్టాలె. ఎవలన్న కడితె మంచిగుండు.

జూన్ 11

దవాఖానకు పోయిన. డాక్టర్ ఎక్స్‌రే సూసిండు, కాలు ఒత్తిండు, నడువుమన్నడు, గంతెయ్యుమన్నడు. "బొక్క మంచిగ అతికింది యిర్మియా. సోమవారం నుంచి డ్యూటీకి పో" అన్నడు.

డాక్టర్‌కేమెరుక. కాలు నాది.

ఇంటికొచ్చినంక సత్యవతి అడిగింది, ఏమన్నడని. ఇంకొన్ని దినాలు రెస్టు తీసుకొమ్మన్నడని చెప్పిన. ఇది అబద్ధమని నేననుకోను. మనసున్న డాక్టర్ అయితె గదే అంటుండె.

"అట్లనా" అని ఆమె మిషను చక్రం తిప్పింది.

పొద్దుమీకి ఒక ఆలోచనొచ్చింది. ఊకెనే పండితె కాలు గట్టిపడ్తది. తేలికపాటి పని ఏదన్న చేసుడు మంచిది. చెవులపిల్లులకు ఇల్లు నేనే కడ్త. సోమవారం లోపటయితె కాదు. మంచి ఇల్లంటె టైం పడ్తది. అది సక్కగ కుదిరితె బాయి పైన కార్పెంటర్ షాపుల పని గూడ అడుగొచ్చు. పైన నాలాంటోడు ఒకడు కావాలె వాళ్లకు. అది వేరే సంగతి.

జూన్ 13

కొమురెల్లి సైకిల్ మీద చెక్కలు కట్టుకొని వచ్చిండు. బాయిల పేల్చే మందు వచ్చే పెట్టెల చెక్క, గట్టిది. మా కాలనీల సగం బల్లలు, అల్మార్లు గీ చెక్కవే.

కొమురెల్లి నాకు జోడి. నేను దిమ్మె నిలబెడ్తె వాడు సుత్తెతోని బిగిస్తడు. ఏప్రిల్ల గూడ నా పక్కనే ఉన్నడు. నా కాలు ఇరిగింది, వాని కుడిచేతి వేళ్లు రెండు పోయినయి. మే నెలల్నే డ్యూటీకి పోయిండు. వానికి మొదటి సంది తొందరెక్కువ.

"అన్నా, నీ జాగల కొత్తోన్ని పెట్టిన్రు" అన్నడు. "మనిషి మంచోడే. గని వాడు పెట్టిన దిమ్మె కింద నిలబడాలంటె మా ఇంటి దేవుళ్లందరు యాదికొస్తున్నరు."

"నేర్సుకుంటడు తియ్యి."

"నువ్వెప్పుడొస్తవు?"

"డాక్టర్ చెప్పాలె."

వాడు నా కాలు దిక్కు సూసిండు. నేను అప్పుడే అటుక మీది రంపం తీసుకొని నిచ్చెన దిగుతున్న. నిచ్చెన సంగతి ఇద్దరం ఎత్తలే.

జూన్ 14, ఆదివారం

గుడికి పోయినం. పాస్టరు గారు ప్రార్థనల నా పేరు తీసిండు. "మా సహోదరుడైన యిర్మియా కాలును స్వస్థపరచుము తండ్రీ" అన్నడు. సంఘమంత ఆమెన్ అన్నది. అందరిల సత్యవతి గొంతు నాకు బాగ ఇనబడ్డది. పాటలు పాడేది ఆమెనే, గొంతు పెద్దది. అయినా అంత గట్టిగ అనే అవుసరం లేకుండె.

మోకాళ్ల మీద కూసున్నప్పుడు కాలు ఏమాత్రం నొయ్యలే. ప్రార్థన పని చేసిందేమోనని కొంచెం పరేషాన్ అయిన. ఇంటికొచ్చినంక నొచ్చింది. మనసు కుదుటపడ్డది.

జూన్ 15

సోమవారం. మబ్బు పట్టింది. కాలు గుంజుతున్నది. పెరట్ల నాలుగు గుంజలు పాతిన.

జూన్ 18

గుంజల మీద మోకాలెత్తుల అరుగు లెక్క చెక్కలు పరిచి, దాని మీద ఇల్లు. రెండు అర్రలు. ముంగట జాలి తలుపు. కుక్కలు, పాములు ఎక్కకుండ గుంజలకు రేకు చుట్టిన. మా క్వార్టరుకు ఇంత ముందుచూపు ఎవలు పెట్టలే.

లస్మవ్వక్క పక్క క్వార్టర్ల ఉంటది. పొద్దుగాల కంచె మీద మోచేతులు ఆనిచ్చి నా పని సూస్తది.

"తమ్మీ, ఇంత పెద్ద ఇల్లెందుకు? బలిసినంక కూర గంజుల పడేటియే గదా."

"ఇవి కూరకు కాదక్కా. సాదుకునుటానికి."

"బర్రెను పాలకు సాదుకుంటరు. కోడిని గుడ్డుకు సాదుకుంటరు. వీటిని దేనికి?"

"సూసుకునుటానికి" అన్న.

ఆమె కంచె మీదికెళ్లి నా దిక్కు వంగింది. "దవాఖాన మందులు మంచిగ తింటున్నవా?" అన్నది. తర్వాత గుర్తు చేసింది, మా వంటింటి కప్పు పోయినేడు గూడ కారిందని, సత్యవతి నిన్ననే అంటున్నదని. వానలు రానీ, అప్పుడు సూస్త అన్న. ఒకేసారి రెండు ఇండ్లు కట్టుడు నాతోని కాదు.

జూన్ 24

కప్పు మూడోసారి మార్చిన. మొదట చెక్క ఒక్క వరుస వేసిన, సాలదనిపించింది. రెండు వరుసలు చేసిన. దాని మీద రేకు. ఎండకు సల్లగుంటదని రేకు మీద మందంగ మట్టి మెత్తిన. లోపట నడుమల ఒక దిమ్మె నిలబెట్టిన.

సత్యవతి వంగి లోపటికి సూసింది. "ఈ కట్టె వాటికి అడ్డం కాదా?"

"ఉండనియ్యి."

కప్పును కట్టెతోని కొట్టి సూసిన. బాయిల గూడ గంతే. దిమ్మె పెట్టే ముంగట ఇనుప రాడుతోని కప్పును కొడ్తం. గట్టిగున్న కప్పు గంట లెక్క మోగుతది. వదులున్నది పగిలిన కుండ లెక్క అంటది. బెల్లంపల్లిల నేర్సుకున్న ఈ పని. నా చెవి ఎన్నడు మోసం చెయ్యలే.

ఏప్రిల్ల ఆ దినం గూడ కొట్టిన. గంట లెక్కనే మోగింది. రెండు దిమ్మెలు నిలబెట్టి మూడోదానికి కొలత తీస్తున్న. కొట్టి ఇన్నది నేను, నిలబెట్టింది నేను. ఇంక్వైరీల గూడ గదే చెప్పిన. నా తప్పేం లేదని రాసుకున్నరు. అందరు మంచిగైంది అన్నరు.

తప్పుంటె మంచిగుండు. తప్పుంటె ఇంకోసారి అది చెయ్యకుండ ఉంటరు గదా.

చెవులపిల్లుల కప్పు మంచిగనే మోగుతున్నది. రేపు ఇంకో దిమ్మె పెడ్త.

జూన్ 25

పెట్టిన.

జూన్ 28, ఆదివారం

గుడికి పోలే. నా కాలు కోసం అంతమంది కష్టపడుడు నాకిష్టం లేదు.

సత్యవతి గుడి నుంచి వచ్చినంక చెవులపిల్లులను కొత్తింట్లకు పంపినం. లోపట గరిక పరిచిన, మట్టి చిప్పల నీళ్లు పెట్టిన, తోటకూర కట్ట వేలాడగట్టిన. మార్త లోపటికి పోయింది, దిమ్మెను మూతితోని వాసన సూసింది, దాని మీద ఉచ్చ పోసింది, బైటికొచ్చింది. మరియ అసలు లోపటికే పోలే. రెండూ దుంకి ఇంటి కిందికి పోయి నీడకు పండినయి.

పట్టుకొచ్చి మల్ల లోపట పెట్టిన. మల్ల దుంకినయి. మల్ల పెట్టిన. లస్మవ్వక్క కంచె కాడ కుర్చీ వేసుకున్నది.

"వాటికి ఇల్లు నచ్చింది" అన్నది సత్యవతి. "కింది భాగం నచ్చింది."

పొద్దుమీకి దాంక తలుపు మూసి పెడ్తె అలవాటైతయనుకున్న. తలుపు తీసేసరికి తోటకూర అయిపోయింది, జాలి మూల కొరికి ఉన్నది. తీసిన ఎంబటె మల్ల కిందికే.

ఇంత మందం కప్పు వాటికి ఇంకెవలు కట్టిస్తరు. కండ్లెర్రగుంటె సాలదు, బుద్ధి గూడ ఉండాలె.

జూలై 2

మరియ నేల తవ్వుతున్నది. సరిగ్గ ఇంటి కిందనే, ఒక మూల గుంజ పక్కకెళ్లి. పొద్దుగాల సూస్తె చెంబంత గుంత. రాయి పెట్టి మూసిన. మధ్యాహ్నానికి రాయి పక్కకెళ్లి ఇంకో మూతి. దాని మీద పెంక పెట్టిన. అది నా ముంగటనే కూసోని, నన్ను సూసుకుంట, ముందరి కాళ్లతోని మన్ను ఎనుకకు విసిరింది. నా మీదనే పడ్డది.

"ఇంత మంచి ఇల్లు మీద పెట్టుకొని కిందికెందుకు పోతున్నది ఇది?" అన్న.

సత్యవతి బియ్యం చెరుగుతున్నది. "దానికి కింద మంచిగనిపిస్తుండొచ్చు."

"కింద ఏం మంచి? చీకటి. గాలి ఉండది. ఎప్పుడేం కూలుతదో తెల్వది. కింద ఏం మంచిగుంటదే?"

ఆమె చాట ఆపి నా దిక్కు సూసింది.

నేను జాలి తీగ తేవాలని లోపటికి పోయిన. తీగ లేదని ముందే ఎరుక.

జూలై 6

కొమురెల్లి వచ్చిండు. ఈసారి చెక్కలు తేలే.

"మన షిఫ్టు సర్దార్ అడుగుతున్నడు అన్నా. ఈ నెలాఖరు దాంక సూస్తమన్నడు. గప్పటికి రాకుంటె నీ పేరు తీసేసి ఆ కొత్తోన్నే పక్కా చేస్తరట."

"కాలు ఇంక కుదరలేదని చెప్పు."

"చెప్పిన. దవాఖాన నుంచి వేరే మాట వచ్చింది సర్దార్‌కు."

నేను చెవులపిల్లులకు గడ్డి వేసే పనిల ఉన్న. గడ్డి ముందే వేసి ఉన్నది. మీదికెళ్లి ఇంకింత వేసిన.

"అయినా నీ లెక్క నేను తొందరపడి పోను తమ్మీ" అన్న. "పూర్తిగ కుదిరినంకనే మనిషి పనికి పోవాలె."

వాడు కుడిచెయ్యి ఎత్తి సూపించిండు, నవ్వుకుంటనే. "నా వేళ్లు మొలిచినంక పోయిననుకున్నవా?"

సత్యవతి చాయ్ తెచ్చింది. ముగ్గురం చెవులపిల్లుల గురించి మాట్లాడినం. అవి ఏం తింటయి, ఎంత తింటయి అని. వాటి గురించి అంత మాట్లాడే సంగతులేం లేవు, అయినా చాలాసేపు మాట్లాడినం.

జూలై 9

మరియకు పిచ్చి లేసిందనుకున్న. పొద్దటి సంది పొట్ట మీది బూరు పండ్లతోని పీక్కుంటున్నది. బూరు, గరిక నోట్ల కుక్కుకొని బొరియలకు పోతున్నది, ఖాళీ మూతితోని వస్తున్నది.

లస్మవ్వక్క కంచె మీదికెళ్లి సూసింది. "అది కడుపుతోని ఉన్నది తమ్మీ."

"రెండూ అక్కచెల్లెండ్లు అక్కా."

"మీ మతంల అక్కచెల్లెండ్లకు గూడ అయితదా?"

మార్తను పట్టుకొని ఎల్లెలుకల తిప్పి సూసినం. సత్యవతి ముందు సూసింది, తర్వాత నేను. చెప్పుటానికేం లేదు. మార్త మగది. అండర్ మేనేజర్ గారింట్ల ఇన్ని దినాలు ఎవలు సూడలే.

సత్యవతి నవ్వింది. మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కండ్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది. ఏప్రిల్ కాన్నుంచి ఆమె అట్ల నవ్వంగ సూడలే. పేరు మారుద్దామా అన్న. వద్దన్నది. ఇన్నొద్దులు మార్త అంటె పలికింది, ఇంక అదే ఉండనీ అన్నది.

ఇన్నొద్దులు అది ఏ పేరుకూ పలకలే.

జూలై 13

మరియ పగటీలి బొరియ మూతి మన్నుతోని మూసి పోతున్నది. నేల మీద చెవి పెట్టి ఇన్న. కింద సన్నగ కిచకిచ. ఉన్నయి, పిల్లలు. రెక్కలు రాని పిట్ట పిల్లల లెక్క సప్పుడు.

మీద ఇల్లు ఖాళీగనే ఉన్నది. రోజు పొద్దుగాల ఊడుస్తున్న.

జూలై 21

మొన్నటి సంది వాన ఇడుస్తలేదు. గోదావరి నిండుగ పారుతున్నదని బజార్ల అంటున్నరు. వంటింట్ల కారే కాడల్ల గిన్నెలు పెట్టినం. సత్యవతి నిండిన గిన్నె పారబోస్తది, మల్ల పెడ్తది.

పగటీలి అన్నం తింటుంటె లస్మవ్వక్క పిలిచింది. "తమ్మీ, నీ బంగ్లా ఒరుగుతున్నది."

ఉరికిన. కాలు యాదికి రాలే.

ఇల్లు ఒక మూలకు ఒరిగింది. మరియ బొరియ ఆ గుంజ కిందికెళ్లి పోయింది గదా, నీళ్లకు మన్ను మెత్తబడి గుంజ దిగిపోయింది. బొరియ మూతి కూలి మూసుకపోయింది. మరియ ఆ బురదల గోకుతున్నది, ఆగి ఇంటున్నది, మల్ల గోకుతున్నది. పిల్లలు లోపటనే.

ఇల్లు తేలికగ ఉంటె ఎత్తి అవుతల పెడుదుము. రెండు వరుసల చెక్క, రేకు, వాన తాగిన మట్టి. ఆ బరువంత నేను పెట్టిందే. ఇంకొంచెం దిగితె పోయి పోయి బొరియ మీదనే పడ్తది.

"దిమ్మెలు కావాలె" అన్న. ఇంట్ల కట్టె లేదు. ఉన్న కట్టెంత ఆ ఇంటికే పెట్టిన.

సత్యవతి లోపటికి పోయి నా మంచం గుంజుకొచ్చింది. కత్తిపీటతోని నులక కోసి, పట్టె ఊడదీసింది.

"నేనేడ పండాలె?" అన్న.

"ఇన్నొద్దులు పండినవు గదా" అన్నది.

పట్టెను కోసి దిమ్మెలు చేసిన. నేల గట్టిగున్న కాడ సూసి, కింద చెక్క ముక్క వేసి, ఒరిగిన మూల కిందికి కొట్టి బిగించిన. ఒరుగుడు ఆగింది. అప్పుడు పక్కకెళ్లి పారతోని మన్ను తీసిన. మోకాలు లోతుకు బొరియ దొరికింది. చీకటిగ, సన్నగ.

బోర్ల పండి చెయ్యి పెట్టిన. చెంపకు తడి మన్ను తాకింది. తల మీద జానెడెత్తుల ఇల్లు. వాసన ఒక్కటే వాసన, బాయిలదీ ఇక్కడిదీ. మెడ మీద మన్ను రాలింది. ఎంతో కాదు, చిటికెడు.

బైటికొచ్చి కూసున్న. "చెయ్యి పడ్తలేదు" అన్న.

కొంచెం నెడితె పట్టుండు.

సత్యవతి కొంగు నడుముకు చెక్కుకొని బురదల బోర్ల పండింది. ఆమె తల, భుజం ఇంటి కిందికి పోయినయి. పండిన కాన్నుంచి కదలకుండ అడిగింది.

"ఇది పడ్తదా?"

నేను సుత్తెతోని కప్పు కొట్టి సూసిన. ఆ వానల ఏం ఇనబడ్తది. మల్ల కొట్టిన. వాన సప్పుడే ఇంటున్న.

"అడుగుతున్న గదా. పడ్తదా?"

సుత్తె కింద పెట్టిన. దిమ్మెను రెండు చేతులతోని పట్టుకున్న. బరువు దాని మీదికి దిగుతున్నది, దిగి నిలబడుతున్నది. అది చేతికి తెలుస్తది. దిమ్మె పెట్టినోనికి తెలుస్తది.

"పడది."

"ఎవలు చెప్పిన్రు?"

"నేను చెప్తున్న. నేను పెట్టిన దిమ్మె. పడది."

"ఇంక సరే" అని చెయ్యి భుజం దాంక పెట్టింది.

ఆమె మెడ పక్కకెళ్లి ఇంకో దిమ్మె బిగించిన. సుత్తె ఒకసారి నా బొటనవేలుకే తాకింది. అయినా బిగించిన. ఆమె ఒక్కొక్కటి తీసి ఎనుకకు ఇస్తున్నది, నేను అందుకొని, కంచె దాటి వచ్చిన లస్మవ్వక్క కొంగుల వేస్తున్న. అరచేతిల పట్టేటంత ఉన్నయి, కండ్లు ఇంక పూర్తిగ తెరవలే. ఐదు బతికున్నయి. ఒకటి మాత్రం సల్లబడ్డది, అది మూతి కాడున్నదట. లస్మవ్వక్క ఐదింటిని పొట్టకు అదుముకొని మా పొయ్యి కాడికి ఉరికింది. కూర మాట ఎత్తలే.

సత్యవతి బైటికొచ్చి లేచి నిలబడ్డది. ముఖం సగం బురద. అప్పుడన్న ఇల్లు కూలిందా అంటె, కూలలే. అట్లనే నిలబడి ఉన్నది. దిమ్మెలు మంచిగ బిగిసినయి.

గడ్డపార తెచ్చి దాన్ని నేనే పీకేసిన.

జూలై 22

పిల్లలు పొయ్యి పక్క గంపల ఉన్నయి. మరియ వచ్చి పాలిచ్చి పోయింది. మార్త దుప్పటి కొరుకుతున్నది. నేను కింద చాప మీద పండిన, కాలుకేం కాలే. ఈ సంగతి రాసుకోవాల్నా వద్దా అని చాలాసేపు ఆలోచించిన.

పొద్దుగాల వంటింటి కప్పు ఎక్కి పగిలిన పెంకలు మార్చిన. ఆ ఇంటి రేకు ఉన్నది గదా, కారే కాడ కింద జొప్పిచ్చిన. దిగి వచ్చినంక సత్యవతి చెప్పింది.

"డాక్టరు జూన్లనే నిన్ను డ్యూటీకి పొమ్మన్నడని నాకెరుక."

"ఎవలు చెప్పిన్రు?"

"కాంపౌండరు మన సంఘపాయనే. ఆ ఆదివారం నేను ఆమెన్ అన్నది నీ కాలు కోసం కాదు."

మిషను మీద ఎవలిదో సగం కుట్టిన జాకెట్ ఉన్నది. నేను దాని దిక్కే సూస్తున్న.

"మరి అడగలేదేంది?"

"అడిగితె ఇంకో అబద్ధం చెప్తుంటివి. మంచం మీదికెళ్లి లేస్తవేమోనని వాటిని తెచ్చిన. లేచినవు. గేటు దాటలే."

నాకు భయమైతున్నదని చెప్పిన. కాలు కాదు, కప్పు అని చెప్పిన. మంచిగ మోగిన కప్పు కూలితె ఇంక దేన్ని నమ్మాలె అని అడిగిన. ఆమె దారం కొరికి తెంపింది.

"నాకు గూడ అయితది" అన్నది. "నువ్వు బాయికి పోయిన ప్రతి దినం అయితది. బాయి కూత ఏసి మీ షిఫ్టు పైకెక్కేదాంక. అందుకే మిషను నేర్సుకున్న. చేతులకు పనుండాలె గదా."

పెండ్లయిన కాన్నుంచి ఆ మిషను సప్పుడు ఇంటున్న. నా చెవి ఎన్నడు మోసం చెయ్యలేదని పోయిన నెల ఈ డైరీలనే రాసుకున్న.

జూలై 24

ఆఫీసుకు పోయిన. పెద్దసారు ముంగట నిలబడి పడాల్సిన మాటలు పడ్డ. ఎందుకు రాలేదంటె ఇంట్ల కట్టుబడి పని ఉండె అన్న. నిజమే గదా. సోమవారం మొదటి షిఫ్టు.

కార్పెంటర్ షాపు ముంగటికెళ్లే వచ్చిన. తలుపు తెరిచే ఉన్నది. లోపటికి పోలే.

జూలై 27, సోమవారం

దిగిన. మెట్టు మెట్టుకు కాలును సూసుకుంట దిగిన. కాలు మంచిగుంది. అయినా రెండు సార్లు ఆగిన.

కొమురెల్లి దీపం పట్టుకొని ముంగట నడిచిండు. ఒక్క ముచ్చట గూడ చెప్పలే. వానికి అది ఎంత కష్టమో నాకెరుక.

పని జాగల రాడుతోని కప్పును కొట్టిన. గంట లెక్క మోగింది. నమ్మలే. మల్ల కొట్టిన, మల్ల మోగింది. కొమురెల్లి ఏం తొందరవెట్టలే. మొదటి దిమ్మె నిలబెట్టుటానికి కొత్తోడు మూడు పెట్టేటంత సేపు పట్టింది. కొమురెల్లి దీపం నా చేతుల మీదికెళ్లి పక్కకు తిప్పిండు. చీకట్లనే సుత్తె అందించిన, వాడు మూడు వేళ్లతోని పట్టుకొని బిగించిండు. నేను దిమ్మె మీద అరచెయ్యి పెట్టి ఉంచిన. బరువు దిగింది, నిలబడ్డది.

రొట్టె తినే యాళ్లయింది. తినుటానికి వేరే జాగ ఉన్నది, ఎన్నేండ్ల సంది నిలబడ్డ పాత కప్పు, అందరు గక్కడికే పోతరు. కొత్తోడు గూడ పోయిండు. కొమురెల్లి పోలే. పొద్దుగాల నేను పెట్టిన మొదటి దిమ్మెకు ఈపు ఆనిచ్చి కూసున్నడు. మూట ఇప్పి జొన్నరొట్టె తుంచుకొని తినుడు షురూ చేసిండు. నన్ను పిలువలే, నా దిక్కు సూడలే.

నేను గూడ పోయి కూసున్న. కొంచెం దూరంగ.